అవతలి వాటా పెంకులు

పడమటి వాటా,
సోమవారం

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులతో బావ రాసేది,

ఇక్కడ అందరం కులాసా. పడకగది పైకప్పు ఒక్కటే కులాసాగా లేదు.

నిన్న పొద్దున కళ్ళు తెరిచేసరికి మంచానికి సరిగ్గా పైన, చెక్క పలకల మీద టీ రంగు మరక కనబడింది. మీ అక్కని అడిగితే, “ఎప్పట్నుంచో ఉంది, మీరే పైకి చూడరు” అంది. గడియారాలు బాగుచేసేవాడు కిందికే చూస్తాడు, అది వృత్తిధర్మం. అయినా కంటికి భూతద్దం తగిలించుకుని, కుర్చీ ఎక్కి పరిశీలించాను. మరకలో ఒకదాని చుట్టూ ఒకటి వలయాలున్నాయి. వాన వచ్చినప్పుడల్లా ఒక వలయం పడింది. కాబట్టి ఇది నిన్న మొన్నటి వ్యవహారం కాదు. చాలాకాలంగా సాగుతున్న నీ నిర్వాకం.

నా నిర్వాకం ఎలా అవుతుందంటావు. మీ నాన్నగారు నీకూ మీ అక్కకీ ఇల్లు పంచుతూ మధ్యలో గోడ కట్టించారు గానీ కప్పుని పంచలేదు. రెండు వాటాలకీ ఒకటే కొప్పు, ఒకటే నడిమి దూలం. నీ వైపు పెంకుల మీద నాచు పరుచుకుంది. నాచు ఉన్నచోట నీళ్ళు జారిపోకుండా తీరిగ్గా కూర్చుంటాయి. అలా కూర్చున్న నీళ్ళు వాసాల వెంట నడుచుకుంటూ వచ్చి నా మంచం మీద దిగుతున్నాయి. ఆ గోడ మనుషులకే గానీ నీళ్ళకి కాదు.

వానలు ముదరకముందే నీ వాటా పెంకులు దింపి కొత్తవి నేయించు. నేనే కప్పెక్కి చూపిద్దును గానీ నా మోకాళ్ళు ఒప్పుకోవు.

ఇట్లు,
నీ మేలు కోరే బావ

తా.క. ఉత్తరం ఎందుకు, నోటితో చెప్పచ్చు కదా అని మీ అక్క సణుగుతోంది. నా కోటు ఎడమ చెయ్యి పొడుగ్గా కుట్టి, పైగా నలుగురి ముందు “కోటు సరిగ్గానే ఉంది, మీ చెయ్యే పొట్టి” అన్నవాడితో నేను నోటితో మాట్లాడను. ఆ కోటు తొడుక్కుంటే ఇప్పటికీ నా వేళ్ళు బయటికి రావు.


తూర్పు వాటా, టైలరింగు షాపు,
మంగళవారం

గౌరవనీయులైన బావగారికి నమస్కరించి బావమరిది రాసే సంగతులు,

మీ ఉత్తరం అక్క తెచ్చిచ్చింది. చదివి మా ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు, నోట్లో గుండుసూదులున్నాయి.

నాచు మాట ఒప్పుకుంటాను. నాచు చీపురుతో పోతుంది. మీ వైపు కొప్పు వంగింది, అది దేంతో పోతుంది? వీధికి అవతల నిలబడి, కుట్టుదారం రెండు చేతులా బిగించి పట్టుకుని, ఒక కన్ను మూసి చూశాను. నా వైపు దారం వెంట తిన్నగా వచ్చిన కొప్పు మీ వైపు వచ్చేసరికి బెల్టు లేని ప్యాంటులా జారింది. కొప్పు జారిందంటే కింద దూలం అలిసిపోయిందని అర్థం. మీ చూరు కింద రేకు కాలువలో ఎర్రటి పొడి కూడా పేరుకుంది. అది దుమ్ము కాదు, మీ పెంకులు అరిగి రాలుతున్నాయి. నమ్మకపోతే పట్టపగలు అటకెక్కి, దీపం ఆర్పి పైకి చూడండి. చుక్కలు కనబడతాయి. అవి చుక్కలు కావు, చిల్లులు.

ఆ చిల్లుల్లోంచి దిగిన నీళ్ళు గోడ దాటి నా కటింగు బల్ల మీద పడుతున్నాయి. పోస్టుమాస్టరుగారి తెల్ల ప్యాంటు మీద మరక పడింది. ఎక్కడ పడిందో ఉత్తరంలో రాసేది కాదు.

ముందు మీ పొగగొట్టం వెనకాల పగిలిన పెంకు సంగతి చూసుకోండి. నేనే చూసిపెడుదును గానీ ఎత్తంటే నాకు కళ్ళు తిరుగుతాయి. స్టూలెక్కి బల్బు మార్చలేని మనిషినని మీకు తెలిసిందే.

ఇట్లు,
విధేయుడైన బావమరిది

తా.క. నిచ్చెన మీ పెరట్లోనే ఉండనివ్వండి. నాకు దాంతో ఏ అవసరమూ లేదు, ఉండబోదు.

ఇంకో తా.క. మీరు బాగుచేసి ఇచ్చిన నా గోడ గడియారం మిట్టమధ్యాహ్నం సాయంత్రమైందంటోంది. నేనేమీ అనడం లేదు. గడియారమే అంటోంది.


పడమటి వాటా,
శనివారం

చిరంజీవి బావమరిదికి,

మొన్న అంత వాన కురిసినా నా పడకగది మరక మీద కొత్తగా తడి చేరలేదు. నేను చెయ్యి పెట్టలేదు. నా వాటా కప్పు తన పరువు తనే కాపాడుకుంది. నా కప్పులో లోపం లేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అయితే ఇప్పుడు వంటింట్లో కారడం మొదలైంది. మీ అక్క గిన్నె పెట్టి, ఆ చప్పుడు వినలేక గిన్నెలో గుడ్డ వేసింది. దీనికి కారణం కూడా కనిపెట్టాను. నీ పిల్లి.

మధ్యాహ్నం భోజనం చేసి కునుకు తీస్తుంటే నా నెత్తి మీద ఎవరో నడుస్తున్న చప్పుడైంది. ఒక పెంకు పటుక్కుమంది. మీ అక్కని కేకేస్తే పెరట్లోంచే, “పిల్లి లెండి, పడుకోండి” అంది. ఆ పిల్లి “అమ్మో” అనడం కూడా విన్నాను. అది కలన్నది మీ అక్క. కల కాదు. నువ్వు దాన్ని ఏం పెట్టి మేపుతున్నావో గానీ పెంకుల మీద అంత బరువు తిరగకూడదు. పెంకు వెంట్రుకవాసి పగిలినా నీళ్ళకి రాజమార్గమే.

పిల్లిని కట్టెయ్యి. లేకపోతే బక్కపిల్లిని పెంచుకో.

ఇట్లు,
బావ

తా.క. నీ వెనకగది మీద, కొప్పుకి కాస్త కిందగా ఒక పెంకు జారి ఉంది. వీధిలో పోతుంటే కంటబడింది.


తూర్పు వాటా,
ఆదివారం

గౌరవనీయులైన బావగారికి,

నా వెనకగది ఇంటికి వెనక ఉంది. వీధి ముందు ఉంది. మీ భూతద్దం ఇల్లంతా దాటి చూడగలదంటే గొప్పదే. ఎప్పుడైనా అమ్మేస్తే నాకే అమ్మండి.

మా పిల్లి మీద నింద వెయ్యకండి. అది కిటికీ గూడు ఎక్కడానికే మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకుంటుంది. మీ పావురాల సంగతి చెప్పండి. నేను దారాలు కొనడానికి బజారుకెళ్ళిన పూట మా కప్పు మీద టకటక చప్పుడైందట. తర్వాత దగ్గు వినబడిందని మా ఆవిడ చెప్పింది. అక్కని అడిగితే, “ఈయన గింజలు చల్లుతారుగా, పావురాలు” అంది. పావురాలకి దగ్గు వచ్చేదాకా మేపడం మంచిది కాదు. ఆ రోజు నుంచి నీళ్ళు కటింగు బల్లని వదిలేసి కుట్టుమిషను మీద పడుతున్నాయి.

అసలు విషయానికొస్తాను. కప్పులు నేసే మేస్త్రీని పిలిపించాను. గోడ మీద నడిమి దూలం ఆనిన చోట స్క్రూడ్రైవరు పెట్టి నొక్కాడు. పిడిదాకా దిగింది. చెదలు కాదు, తడి అన్నాడు. మొదటి మరకప్పుడే పట్టించుకుంటే ఒక్క పెంకు మార్పుతో పోయేదట. ఇప్పుడు కప్పు మొత్తం దింపి దూలం మార్చాల్సిందే, సగం సగం కుదరదు, రెండు వాటాలవాళ్ళూ ఊఁ అంటేనే చెయ్యి వేస్తానన్నాడు. శుక్రవారంలోగా చెప్పకపోతే వేరే పనికి వెళ్ళిపోతాడు. ఆ దూలం ఈ వానలు దాటదని కూడా అన్నాడు.

నేను సిద్ధం. లోపం మీ వాటాలోనే పుట్టిందని ఒక్క ముక్క రాసివ్వండి, చాలు.

ఇట్లు,
బావమరిది

తా.క. అక్క ఈమధ్య చిక్కినట్టు కనబడుతోంది. అరచేతులు కూడా గీసుకుపోయాయి. ఇంటిపని ఎక్కువ చేయిస్తున్నారా?


పడమటి వాటా,
బుధవారం

బావమరిదికి,

మీ అక్క అరచేతులు నేనూ చూశాను. “ఉత్తరాలు మోసి మోసి” అంది. అందుకని క్లుప్తంగా రాస్తున్నాను.

మేస్త్రీ మాట సబబుగానే ఉంది. నీ మాటే బాగాలేదు. లోపం నీ వాటాలో పుట్టిందని నువ్వే రాసివ్వు, మరుక్షణం ఊఁ అంటాను. లేదా దూలాన్ని సరిగ్గా గోడ దగ్గర రంపంతో కోయించేద్దాం. నీ సగం నువ్వు ఏలుకో, నా సగం నేను చూసుకుంటాను.

ఇట్లు,
బావ


తూర్పు వాటా,
అదే రోజు, దీపాలు పెట్టే వేళ

బావగారికి,

కోయించండి. కత్తెర చేతబట్టి పెరిగినవాణ్ణి, కోతంటే నాకు భయం లేదు. ఎక్కడ కొయ్యాలో గీత నేనే గీసిస్తాను.

ఇట్లు,
బావమరిది

తా.క. కొలిచేటప్పుడు మీ ఎడమ చెయ్యి వాడకండి. తేడా వస్తుంది.


పెరడు,
శుక్రవారం పొద్దున

శ్రీవారికి, తమ్ముడికి, ఇద్దరికీ కలిపి,

ఇన్నాళ్ళూ మీ ఉత్తరాలు మోశాను కాబట్టి ఒకటి రాసే హక్కు నాకుందనుకుంటాను. ఇద్దరికీ చెరో కాపీ ఇస్తున్నాను, మళ్ళీ పేచీ రాకుండా.

నిన్న మేస్త్రీకి రెండు వాటాల తరఫునా నేనే ఊఁ అన్నాను. ఏమండీ, మిమ్మల్ని పొద్దున్నే పాలకీ, తమ్ముడూ, నిన్ను బొత్తాలకీ పంపింది అందుకే. మీరిది చదివేసరికి మీ నెత్తిన కప్పు ఉండదు. ఆకాశం ఉంటుంది.

మన పడకగది మీద పెంకు ఎత్తితే కింద వానకోటు గుడ్డ అతుకు దొరికింది. నాలుగు అంచులూ మడిచి, రెండు వరసల కుట్టు వేసి, మూలకి బొత్తాం కూడా పెట్టి ఉంది. తమ్ముడి వెనకగది మీద జారిన పెంకుని గడియారాల్లో వాడే బుల్లి ఇత్తడి రేకులతో, కంటికి ఆనని మేకులతో బిగించారెవరో. మేస్త్రీ పనివాళ్ళందరినీ పిలిచి చూపించాడు. బొత్తాం పెట్టిన కప్పు తన సర్వీసులో చూడలేదన్నాడు.

ఆ అతుకు అడ్డుపడి ఇటు నీళ్ళు కుట్టుమిషను మీదికి పోయాయి. ఆ రేకులు అడ్డుపడి అటు నీళ్ళు నా వంటింట్లోకొచ్చాయి. మిగతావి మీ కాళ్ళ కింద పగిలిన పెంకులు.

మోకాళ్ళు ఒప్పుకోని ఈయన, తమ్ముడు బజారుకెళ్ళిన పూట ఎక్కారు. ఎత్తంటే కళ్ళు తిరిగే తమ్ముడు, ఈయన కునుకు తీసిన పూట ఎక్కాడు. ఇద్దరికీ నిచ్చెన పట్టుకున్నది నేను. “కస్టమర్ల బట్టలు పాడైతే వాడి పేరు పోతుందే, వాడికి మాత్రం చెప్పకు” అని ఈయన ఒట్టు వేయించుకున్నారు. “బావకి తడి పడదక్కా, దగ్గు తిరగబెడుతుంది, ఆయనకి చెప్పకు” అని నువ్వు వేయించుకున్నావు. రెండు ఒట్లూ ఇవాళ గట్టు మీద పెట్టేశాను.

ఎందుకంటే, దూలం ఎవరి వల్ల కుళ్ళిందో రాసివ్వమన్నారు, దాన్ని ఎక్కడ కొయ్యాలో కూడా మాట్లాడుకున్నారు. ఆ కుళ్ళిన చోటు సరిగ్గా ఎక్కడుందో ఒక్కరైనా అడిగారా? నా పొయ్యికి నేరుగా పైన ఉంది. రోజూ దాని కింద నిలబడేది నేను. నాకు కోపం వచ్చింది. మీరు దిగేదాకా నిచ్చెన పట్టుకున్నప్పుడు వేసినంత భయమూ వేసింది. మీకు ఒకరంటే ఒకరికి ప్రాణమని నాకు తెలుసు. ఆ సంగతి మీరు ఒకరికొకరు చెప్పుకునేలోపు ఇల్లు కూలేలా ఉంది.

కొత్త కప్పు పడేదాకా అందరం పెరట్లో టార్పాలిన్ కిందే. ఒకటే పొయ్యి, ఒకటే వంట. ఉత్తరాలు మొయ్యడం ఇవాళ్టితో మానేశాను. ఉప్పు కావాలంటే నోరు తెరిచి పక్కవాణ్ణి అడగండి.

ఇట్లు,
ఇద్దరి నిచ్చెనా పట్టిన మనిషి

తా.క. తమ్ముడి టేపు తెచ్చి, ఈయన కునుకు తీస్తుండగా రెండు చేతులూ కొలిచాను. ఎడమ చెయ్యి పొట్టే. తమ్ముడూ, మురిసిపోకు. ఆ కోటు ఎడమ చెయ్యి కూడా కొలిచాను. కుడి చేతికైనా అది పొడుగే.