జైపాల్ అంగీతో అస్లంను బడిలో కూర్చోనివ్వాలని మనవి

కోరుట్ల, 22-06-2012.
నల్లా నీళ్లు పట్టుట, మామిడి తొక్కు కలుపుట, వాడ పిల్లల పుస్తకాలకు అట్టలు వేయుట అయినవి. ఇస్త్రీ మిగిలినది. అది ఆపి ఈ అర్జీ రాస్తున్నాను.

మండల విద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఏడవ తరగతి విద్యార్థి అస్లంను తన వద్దనున్న ఒకే ఒక్క యూనిఫాం అంగీతో బడికి రానిచ్చుట గురించి, నర్సవ్వ అను తల్లిని సాయంత్రం బడి గేటు వద్ద నిలబడనిచ్చుట గురించి.

మనవి చేయునది ఏమనగా:

1. ఏటా బడులు తెరిచే ముందు మా వాడ ఆడవాళ్లం కలిసి, పిల్లలకు పొట్టివైన యూనిఫాంలు ఇంటింటికీ తిరిగి జమచేస్తాము. ఉతికి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి, కొనలేని ఇళ్లకు ఇస్తాము. ఇచ్చినవాళ్ల పేరు తీసుకున్నవాళ్లకు చెప్పము. పిల్లలు బడిలో ఒకరినొకరు ఎత్తిపొడుచుకోకూడదని పెట్టుకున్న పద్ధతి ఇది.

2. మా వాడలో బీడీలు చేసే నర్సవ్వకు ఒక్కడే కొడుకు, జైపాల్. పోయినేడు సకల జనుల సమ్మెలో బస్సులు నడవని రోజుల్లో వానికి జ్వరం ముదిరింది. ఆటో దొరికేసరికి ఆలస్యమై, జగిత్యాల దవాఖాన చేరకముందే తల్లి ఒడిలో పోయాడు. బడి కూడా మూసే ఉంది కాబట్టి ఆ రోజు వాడు రాలేదని ఎవరూ రాసుకోలేదు. సమ్మె అయినాక పిల్లలంతా బడికి పోతుంటే నర్సవ్వ గడపలో నిలబడి చూసింది.

3. పోయినవాళ్ల బట్టలు మా దిక్కు ఇంట్లో ఉంచరు. దినాలు కాకముందే వాగులో విడుస్తారు. నర్సవ్వ అన్నీ విడిచి ఒక్క బడి అంగీ దాచుకుంది. మొన్న మే నెలలో తానే తెచ్చి నా చేతిలో పెట్టి, ఎవరిదో చెప్పవద్దన్నది. ఎందుకు ఇస్తున్నావని అడిగితే, "ఇది పెట్టెల ఉన్నన్నాళ్లు వాడు బడికి పోయి ఇంక రాలేదనే అనిపిస్తది లీలక్కా. ఎవలన్న తొడిగితే నాకు నిద్ర పడుతదేమో" అన్నది. జేబు చినిగిన చోట ఆమె బీడీల దారంతోనే కుట్టింది, ఎర్ర దారం. నేను దాన్ని విప్పలేదు. ఎంత ఉతికినా కాలరు లోపలి మెడ మరక పోలేదు. ఇస్త్రీ చేసేటప్పుడు అది కనబడకుండా మడత వేసినాను.

4. కొలత సరిపోయినందున ఆ అంగీ వహీదాబీ కొడుకు అస్లంకు వచ్చింది. వాని తండ్రి గులాం నబీ సైకిళ్లు బాగుచేస్తాడు. బడి తెరిచిన సాయంత్రం గేటు ముందునుంచి పోతున్న నర్సవ్వ ఎర్ర దారం చూసి ఆగి, "జైపాల్" అని పిలిచింది. అస్లం "అస్తున్న అవ్వా" అని పలికాడు.

ఎందుకు పలికినావని నేను తరువాత అడిగితే, "ఊకుంటె ఆమె పిలుస్తనే ఉంటది గద పెద్దమ్మా" అన్నాడు.

5. అప్పటినుంచి ఆమె రోజూ గంట కొట్టే వేళకు వచ్చి పిలుస్తుంది. వాడు పలుకుతాడు. వాని సంచి తాను మోసి, మసీదు మూలదాకా వచ్చి, సంచి చేతికిచ్చి వెనక్కు మళ్లుతుంది. నేను భయపడి వహీదాబీకి అంతా చెప్పి, వేరే అంగీ వెతుకుతానన్నాను. ఆమె నవ్వి, "నేను పది సార్లు పిలిస్తె పలుకడు. ఎవలకో ఒకలకు పలుకుతుండు, పలుకనీ" అన్నది. తరువాత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

6. అయితే ఆ పిలుపు విని అంగీ ఎవరిదో తెలుసుకున్న కొందరు తల్లిదండ్రులు చనిపోయిన పిల్లవాని అంగీ తరగతిలో ఉండరాదని ప్రధానోపాధ్యాయుల వారికి చెప్పినారు. వారు ఆ అంగీతో రావద్దని అస్లంను పంపివేసినారు. మరునాడు వాడు రంగు అంగీతో పోతే, యూనిఫాం లేనిదే రావద్దని మళ్లీ పంపినారు. సర్కారు ఇచ్చే యూనిఫాం బట్ట ఇంకా రాలేదు. ఆ అంగీతో రాకూడదు, అది లేకుండా రాకూడదు. పిల్లవాడు ఎట్లా రావాలో తమరే సెలవియ్యగలరు. సోమవారం నుంచి వాడు తండ్రి దగ్గర పంచర్లు వేస్తున్నాడు. ఇట్లా దుకాణానికి అలవాటైన పిల్లలు తిరిగి బడికి రావడం నేను చూడలేదు.

7. నర్సవ్వను గేటు దగ్గరికి రానివ్వవద్దని కూడా ఉత్తర్వు అయినది. ఆమె ఇప్పుడు రోడ్డు అవతల నిలబడి పిలుస్తున్నది. లోపలినుంచి పలికేవాడు లేడు. అయ్యా, నిన్న నేను ఆమె పక్కన నిలబడినాను. పిల్లలంతా వెళ్లిపోయినాక కూడా పిలిచింది. పలుకుతాడేమోనని నేను సైతం చెవి పెట్టి విన్నాను. ఈ మాట అర్జీలో రాయదగినది కాదని తెలుసు.

కావున, (ఒకటి) సర్కారు బట్ట వచ్చేదాకా అస్లంను ఆ అంగీతోనే తరగతిలో కూర్చోనివ్వాలని, (రెండు) నర్సవ్వను గేటు వద్ద నిలబడనివ్వాలని కోరుతున్నాను. కాగితం దొంతరలో పెట్టకముందే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లీల, గృహిణి

తా.క. 25-06-2012. శనివారం అర్జీ ఇద్దామని వస్తే తమ కచేరీ బంద్ వల్ల మూసి ఉన్నది. ఈలోగా నర్సవ్వ సిరిసిల్లలో బట్ట నేసే సాంచెలు నడిపే తమ్ముని దగ్గరికి పోయి తెల్లబట్ట తెచ్చింది. "వాని సదువు నా కొడుకు అంగీ మీద ఆగొద్దు" అన్నది. నిన్న నేను కుట్టినాను. జైపాల్ అంగీ ఆమె తీసుకొని వాగు దిక్కు పోయింది.

ఈ రోజు అస్లం కొత్త అంగీతో బడికి పోయాడు, కూర్చోనిచ్చినారు. సాయంత్రం నర్సవ్వ రాలేదు. పిల్లలంతా పోయినా అస్లం గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇంటికి పొమ్మని ప్రధానోపాధ్యాయుల వారు అంటే, "అవ్వ ఇంక పిలువలే సార్" అన్నాడట.

కాబట్టి మొదటి మనవి కొట్టివేసి, రెండవది అట్లాగే ఉంచగలరు. అస్లం నీ పిలుపు కోసం నిలబడ్డాడని నర్సవ్వకు నేను ఇప్పుడే చెప్పిపంపినాను. అంగీ బాకీ తీరినది, పిలుపుది తీరలేదు.