నీ పేరు వద్దన్నాను

నాన్నా వెస్లీ,

అక్కకు బాబు పుట్టాడురా. నువ్వు పోయాక మనింట్లో పుట్టిన మొదటి పిల్లాడు. పురుడు చూడటానికి నేను విమానమెక్కి అక్కావాళ్లుండే వోల్ఫ్స్‌బర్గ్ వచ్చాను. పథ్యం వండేసరికే నడుము పడిపోతోంది.

వాడి పేరు రాయించడానికి రేపు ఆఫీసులో టెర్మిన్ ఉంది, అపాయింట్‌మెంటును ఇక్కడ అలాగే అంటారు. నిన్న బావ ఫోన్‌లో ఇంగ్లీషు పేర్లకు అర్థాలు చదివాడు. డేల్ అంటే లోయట. క్లిఫర్డ్ అంటే కొండవాలు పక్కన ఏరు దాటే చోటట. వెస్లీ అంటే పడమటి పచ్చిక బయలట. పాస్టరుగారు చెబితే నీకు పెట్టాను గానీ, ఇదంతా నాకేం తెలుసు?

"తమ్ముడి పేరే పెడదామమ్మా," అంది అక్క.

"వద్దే."

"నీకోసమేగా అంటున్నాను."

"వాణ్ణి పిలిచినప్పుడల్లా నేను తలుపు వైపు చూస్తానే. పసివాడికి అదేం బతుకు?"

అక్క ఏడ్చింది. బావ, "డేల్ బాగుందా అత్తయ్యా?" అన్నాడు. బాగుందన్నాను.

ఈ పొద్దున కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తుంటే వాడు గుక్కపట్టి ఏడ్చాడు. అలసటలో "ఊరుకో వెస్లీ" అనేశాను.

ఊరుకున్నాడురా.

అమ్మ