వానలో కుట్టుమిషన్

కేతేపల్లి,
8 ఫిబ్రవరి 2023, బుధవారం.

ప్రియమైన బిడ్డ కౌసర్‌కు,

అమ్మీ సలాములు, దువాలు. అల్లా దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. హాస్టల్లో నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను. తినడం లేదని తెలుసు, అయినా రాయాలి కదా.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని కంగారుపడకు. మీ తమ్ముడు రియాజ్ స్పీకర్ పెట్టందే ఎవరినీ ఫోన్ మాట్లాడనివ్వడు. ఇల్లంతా వింటుంది. ఇది మీ అబ్బా చెవిన పడకూడని మాట. అందుకే కూరగాయలు అమ్ముకోవడానికి రేపు నల్గొండ వస్తున్న సాలమ్మ చేతికిచ్చి పంపుతున్నాను.

మీ కాలేజీలో పెట్టిన బొమ్మల ప్రదర్శన గురించే. జపాన్ వాళ్ల పాతకాలపు బొమ్మలు పై వరుసలో, ఇప్పటి కామిక్స్ కింది వరుసలో పెట్టారట. ఒకప్పుడు చెక్క మీద చెక్కి అచ్చువేసిన బొమ్మలకూ, నేటి పిల్లలు చదివే బొమ్మల కథలకూ చుట్టరికం ఉందని చూపిస్తున్నారట. బాగుంది. నా బిడ్డ గీసింది కూడా గోడకెక్కిందని వాడంతా చెప్పుకున్నాను. పక్కింటి పుల్లమ్మకైతే వినీ వినీ విసుగొచ్చి ఉంటుంది.

కానీ సాలమ్మ మొన్న చూసొచ్చి చెప్పింది విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. నీ కామిక్‌లో ఒక దర్జీ బట్టల షాపు ముందు, ఫుట్‌పాత్ మీద మిషన్ పెట్టుకొని ప్యాంట్లు పొట్టి చేస్తున్నాడట. గడ్డం, కళ్లద్దాలు, మెడలో టేపు, అచ్చం మీ అబ్బానే దించావట. ఇదేం పని బిడ్డా? మెహమూద్ అంటే నల్గొండలో పెద్ద షాపులో కటింగ్ మాస్టర్ అని ఊరంతటికీ తెలుసు. ఇక్కడి తన కుట్టు దుకాణం మూసిన నాటి నుంచి పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకొని, అన్నం డబ్బా పట్టుకొని బస్సెక్కుతున్నాడు. సాయంత్రం వచ్చి, గియ్యాల సేటు నన్ను అడగంది కత్తెర పట్టలే అంటాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం ఎప్పుడైనా చూశావా?

శుక్రవారం నమాజు అయ్యాక నీ బొమ్మలు చూడటానికి వస్తానంటున్నాడు. ఒక్కడే కాదు, మన ఊరి మసీదు కాడి దోస్తులను గూడ రమ్మన్న అంటున్నాడు. నేను ఆపబోయాను. సేటు కోప్పడతాడన్నాను, నీకు పరీక్షలన్నాను. జర ఊకో, నా బిడ్డ గీసింది నేను చూడొద్దా అన్నాడు. దోస్తుల పక్కన నిలబడి తన బొమ్మ తానే చూసుకుంటే, ఆ మనిషి మర్నాడు మళ్లీ బస్సెక్కగలడా? ఆ డబ్బా కట్టడానికి నాకు చేతులొస్తాయా?

నీ గడ్డం పట్టుకొని అడుగుతున్నాననుకో. శుక్రవారం లోపల ఆ ఒక్క కాగితం తీసెయ్. చినిగిందనో తడిసిందనో చెప్పు. ఆ జాగాలో ఇంకేదైనా పెట్టు. నువ్వు తీశావని తెలిసేదాకా నాకు నిద్ర ఉండదు.

నీ మంచే కోరే అమ్మీ,
అజీజా బేగం

తా.క. మడిచిన ఉత్తరం మళ్లీ విప్పాను. సాలమ్మను ఏమీ అడగకు, పాపం తెల్లమొహం వేస్తుంది. ఆమె మీ కాలేజీ గడప తొక్కలేదు. వచ్చింది నేను. నువ్వు నలుగురిలో ఎట్లా మాట్లాడతావో చూడాలనిపించింది. పల్లెటూరి తల్లి వచ్చిందని నీకు ఇబ్బంది కాకూడదనీ అనిపించింది. నా బుర్ఖా అయితే గుర్తుపడతావని ఖైసర్ పిన్నిది అడిగి వేసుకొని, ముసుగు దించుకొని, నకిరేకల్‌లో బస్సు మారి వచ్చాను. నోరు విప్పకుండా తల ఊపుతూ నిలబడ్డాను. ఎవరో పిన్ని వయసు ఆవిడనుకొని, ఖాలా, ఇటు రాండ్రి అని నువ్వే పిలిచి చూపించావు.

పైన జపాన్ బొమ్మలో మనుషులు వానలో వంతెన దాటుతున్నారు. వానను గిట్ల సన్నని గీతలతోని చూపుడు వీళ్ల దగ్గరనే నేర్చుకున్న అన్నావు. కింద నీ బొమ్మలో అవే గీతలు. దర్జీ ప్లాస్టిక్ పట్టాను మిషన్‌కు కప్పి, తాను తడుస్తున్నాడు. ఈయన మా అబ్బా, నేను చూసిన సంగతి ఆయనకు తెల్వదు, తలెత్తి నన్ను చూస్తే సిగ్గుపడతడని రోజూ చుట్టు తిరిగి కాలేజీకి వస్త అని చెప్పావు. ముసుగు లోపల నేను ఎట్లా ఏడ్చానో నాకే తెలుసు.

ఆయన సంగతి నాకూ ఏనాడో తెలుసు బిడ్డా. ఫ్యాను కింద కూర్చునే కటింగ్ మాస్టర్ మెడ ఎండకు అంతగా ఎందుకు కమిలిపోతుంది? నువ్వు చుట్టు తిరుగుతూ ఉన్నావు. నేను సేటు ఏమన్నాడని రోజూ అడుగుతూ ఉన్నాను.

పైన రాసిందంతా భయంతో రాశాను. భయం ఇప్పుడూ పోలేదు. అయినా బొమ్మ తీయకు. దోస్తులను ఇంకో రోజు తీసుకుపొమ్మని మీ అబ్బాను నేను ఎట్లాగో ఒప్పిస్తాను. శుక్రవారం మీకంటే ముందే వచ్చి ఆ గోడ దగ్గర ఉంటాను, ఈసారి ముసుగు తీసే ఉంటాను. నువ్వు మాత్రం ఆ రోజు చుట్టు తిరగకు. నేరుగా మిషన్ దగ్గరికి పోయి, అబ్బా, నడువు, నా బొమ్మలు చూద్దువు అని పిలుచుకురా.