కరీంనగర్ రోడ్డు మీద మన వ్యాను

రాజమ్మా,

మన పాత పికప్ వ్యాను వెనక ఇరుసులో పళ్ళచక్రాలు మార్పించాను. ఇప్పుడు అదే వేగానికి ఇంజను తక్కువ తిరుగుతుంది. వెనకటి రొద లేదు.

"కాక, గనికి దుంగలు గుంజే బండి ఇది. గిట్ల చేస్తే నిండు లోడుతోని మిట్ట ఎక్కది. ఏంది, పెండ్లిపిల్లను తోలుకపోతవా?" అని మెకానిక్ నవ్వాడు.

"లోడు తగ్గిస్త" అన్నాను.

నిన్న నీ సంవత్సరీకం జరిగింది. ఈరోజు మీ అవ్వను, అదే మా అత్తను, మీ ఊళ్ళో దింపడానికి కరీంనగర్ రోడ్డు పట్టాను. నువ్వు కూర్చునే చోటే ఆమె కూర్చుంది. ఈ దారిలో నువ్వు చెయ్యి చాపి ఏదో ఒకటి చెబుతూనే ఉండేదానివి. ఇంజను రొదలో వినబడక, చేలు చూపిస్తున్నావనుకుని తల ఊపేవాణ్ణి.

"రాజమ్మ చిన్నగున్నప్పుడు గా ఒర్రెల చెప్పు పోగొట్టుకొని తెల్లందాక ఏడ్సింది" అంది మీ అవ్వ, పక్కనున్న చిన్న వాగు వైపు చెయ్యి చాపి. "గా మక్కచేన్ల కంకులు దొంగిలించి నా కొంగుల దాసింది, బిడ్డా."

నువ్వూ ఇవే చెప్పి ఉంటావు.

ఊరు దగ్గర పడుతుంటే బండిని మెల్లగా పోనిచ్చాను.

"కొత్త చక్రాలు ఏసి గింత మెల్లగనా?" అంది.

"చిన్నప్పుడు ఇంకేం జేసేది అత్తా?" అని అడిగాను.