యాప్రాల్ గొంతు

కార్ఖానా, సికింద్రాబాద్
12 జనవరి 1991

ప్రభువునందు ప్రియమైన సామ్యూల్ బావగారికి,

బావమరిది జకర్యా వందనాలు. అక్కయ్య, పిల్లలు కులాసా అని తలుస్తాను. విజయవాడలో మీరు రికార్డు చేసి విడుదల చేసిన నా మొదటి క్యాసెట్ ఇక్కడ బాగానే వినబడుతోంది. రెండో క్యాసెట్‌కు ఎనిమిది పాటలు కట్టేశాను.

కానీ కడుపు మండిపోతోంది బావగారూ! యాప్రాల్‌లో ఎవడో నా పాటలే నాకంటే బాగా పాడుతున్నాడట. గురువారం ప్రార్థనకు ముందు రోసమ్మగారింట్లో మైకు పెడతారు. మా ఎమిలీ బస్సు దిగి రోడ్డు మీదే నిలబడి విని వచ్చింది. "ఏం గొంతండీ! బరువుగా, నిదానంగా... ఏడుపొచ్చేసింది" అంది. పెళ్ళయిన పదకొండేళ్ళలో నేను పాడుతుంటే ఆవిడ ఒక్కసారే ఏడ్చింది. అప్పుడు పంటినొప్పి.

మీ
జకర్యా

తా.క.: ఆ దొంగెవడో కనుక్కుని గట్టిగా ఒక ఉత్తరం పడెయ్యండి.

---

విజయవాడ
22 జనవరి

చిరంజీవి జకర్యాకు బావ దీవెనలు.

రోసమ్మగారికి రాశాను. "పాడేది ఎవరో పేరు తెలియదు గానీ, ఆయన గొంతు లేస్తేనే మా కూటం నిండుతుంది" అని జవాబిచ్చారు. కోపం తెచ్చుకోకు, రెండో క్యాసెట్‌లో ఆయనచేత రెండు పాటలు పాడిద్దామా?

నీ మేలు కోరే
సామ్యూల్

తా.క.: మీ అక్కయ్య ఎనిమిదీ ఆయనకే ఇచ్చేయమంటోంది.

---

కార్ఖానా
29 జనవరి

బావగారికి వందనాలు.

సొంత అక్కే ఇలా అంటే ఇంకెవరికి చెప్పుకోను? మూడో పాటలో నా హార్మోనియం ఒకచోట తప్పు పడింది కదా, వాడూ సరిగ్గా అక్కడే తప్పు వాయిస్తున్నాడట! ఎంత నేర్పరి దొంగో చూడండి. ఎమిలీ గురువారం గురువారం యాప్రాల్ బస్సెక్కుతోంది. ఇంట్లో నేనొకణ్ణి ఉన్నాననే ధ్యాసే లేదు. గొంతు బరువెక్కాలని పొద్దున్నే గడ్డపెరుగు తింటున్నాను.

ఉడికిపోతున్న
జకర్యా

తా.క.: జలుబు చేసింది. ముక్కు పట్టేసి పాడితే "ఇప్పుడు కాస్త ఆయనలా ఉంది" అంది ఎమిలీ.

---

విజయవాడ
8 ఫిబ్రవరి

చిరంజీవి జకర్యాకు,

ఎలా చెప్పాలో తెలియడం లేదురా. స్టూడియో ఇరవై మూడున కుదిరింది. మీ వైపు సంఘాల వాళ్ళందరూ ఆ యాప్రాల్ గొంతే కావాలంటున్నారు. ఎనిమిది పాటలూ ఆయనకే ఇద్దాం. నువ్వు హార్మోనియం వాయించు. వచ్చే గురువారం నువ్వే వెళ్ళి ఆయన్ని ఒప్పించు.

నీ బావ
సామ్యూల్

తా.క.: చొక్కా చేతులు మడిచి వెళ్ళకు.

---

కార్ఖానా
15 ఫిబ్రవరి

బావగారికి వందనాలు.

మడిచే వెళ్ళాను. రోసమ్మగారింట్లో స్టూలు మీద మైకు, మైకు ముందు టేప్ రికార్డర్. అంతే, మనిషి లేడు. అందులో తిరుగుతున్నది నా మొదటి క్యాసెట్టే! ఎవరో కాపీ తీసి ఇచ్చారట, అట్టా లేదు, పేరూ లేదు. అయిపోయిన బ్యాటరీ సెల్లుల్ని ఆవిడ ఎండలో పెట్టి, మళ్ళీ అవే వేస్తున్నారు. టేపు ఈడ్చుకుంటూ తిరిగి నా గొంతు బరువెక్కింది.

పరుగెత్తి కొత్త సెల్లులు కొనుక్కొచ్చి వేశాను. నా అసలు గొంతు వచ్చింది. రోసమ్మగారు చెవులు మూసుకుని, "ఏందీ సారూ, గిట్ల సన్నగైంది! జెర ఆ పాత సెల్లులే వెయ్యుండ్రి, ఆయన్నే పాడనియ్యుండ్రి!" అన్నారు. ఎప్పుడూ రోడ్డు మీదే నిలబడి వినే ఎమిలీ ఆరోజే నాతో లోపలికొచ్చి ముందు వరసలో కూర్చుంది, ఆవిడ కూడా "అవునండీ" అంది. నేనెవరో చెప్పకుండా పాత సెల్లులే మళ్ళీ వేశాను.

సిగ్గు విడిచి చెబుతున్నాను. వాడు నేనేనని తెలిశాక కూడా అసూయ తగ్గలేదు. వాడు నాకంటే బాగా పాడుతున్నాడు బావగారూ! నేను తొందరపడి దాటేసిన మాటల దగ్గర వాడు ఆగుతున్నాడు. మొదటిసారి నాకూ కళ్ళు చెమర్చాయి.

ఇరవై మూడున వస్తున్నాను. వాడిలా పాడటానికే చూస్తాను.

మీ ఇద్దరు బావమరుదుల్లో చిన్నవాడు,
జకర్యా

తా.క.: నావల్ల కాకపోతే క్యాసెట్ అట్ట మీద "అయిపోవచ్చిన సెల్లులతో మాత్రమే వినవలెను" అని అచ్చు వేయించండి.