తెరుచుకోని ఫిజిక్స్ పాఠాలు

మంగళవారం, రాత్రి

ఈరోజు పూతలపట్టు నుంచి ఒక అమ్మాయి ఆఫీసుకు వచ్చింది. మా యాప్‌లో ఫిజిక్స్ చెప్పిన సారు కూతురంట. సారు పోయి మూడు నెలలైంది. ఆయన పాఠాలన్నీ ఆ పిల్ల ఫోన్లో డౌన్‌లోడ్ అయి ఉండాయి గానీ ఒక్కటీ తెరుచుకోవడం లేదు.

"ఫైలు ఈడే ఉండాది గదన్నా. నాయన గొంతు ఒక్కసారి వినాల," అనింది.

ఎవరూ కాపీ కొట్టకుండా ప్రతి వీడియోకూ తాళం వేసేది నేనే. సారుతో ఒప్పందం గడువు అయిపోయినాక, పోయిన నెలలో ఆ తాళంచెవులను సర్వర్లో చెరిపేసిందీ నేనే. తాళం వేయని అసలు కాపీలు గూడా అప్పుడే తీసేసినాను. ఇంక వాటిని ఎవరూ తెరవలేరు.

ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. "కంపెనీ రూలు అమ్మా," అన్నాను.

"ఎప్పుడన్నా తెరుచుకుంటే ఫోన్ చెయ్యన్నా. అంతవరకూ చెరపకుండా పెట్టుకుంటా," అని నంబరు ఇచ్చింది. తెలిసి తెలిసీ రాసుకున్నాను.

ఒక్కో పాఠం సరిగ్గా ఆడతాందో లేదో చూసేదానికి ఆ గొంతు ఎన్నిసార్లు విన్నానో. కండ్లు మూసుకుంటే, ప్రతి పాఠం చివరా పిల్లోళ్లను అడిగినట్టే సారు నన్నే అడగతా ఉండాడు, "అర్థమైందా అప్పా?" అని...