పెద్ద సాక్షి

1922 జనవరి 9

మా తెగలో కానుకలు పంచి పేరిచ్చే వేడుక, పాట్లాచ్, అయిపోయింది. తాత పేరు ఇప్పుడు మా తమ్ముడిది. గాలివానకి పోలీసు పడవ రాదని చూసి కానిచ్చేశాం. నాన్న దుప్పట్లు, పిండి బస్తాలు, చేపనూనె డబ్బాలు ఊరందరికీ పంచాడు. కానుక పుచ్చుకున్నవాళ్లంతా సాక్షులు. ఎవరడిగినా చూసింది చూసినట్టు చెప్పాలి. మొదటి కానుక మేనత్త లూసీది, అంటే పెద్ద సాక్షి ఆవిడే. ఆవిడ చూడలేదంటే ఇచ్చిన పేరు ఇవ్వనట్టే.

కెనడా సర్కారుకి మాత్రం ఇది నేరం. పంచినవాడికి జైలు.

అత్త కొడుకు జోనా ఆలస్యంగా వచ్చాడు. ఏమీ తినలేదు. కోర్టులో మా మాటలు దొరలకి ఇంగ్లీషులో చెప్పే ఉద్యోగం బావది. ఆ టై, ఆ నంగి నవ్వు నాకు నచ్చలేదు.

జనవరి 17

నాన్నని పట్టుకెళ్లారు.

జనవరి 18

పాట్లాచ్ సంగతి ఎవరో సర్కారు దొర చెవిన వేశారు. ఎవరో ఏమిటి, జోనాయే. అత్త మొహం మీదే అనేశాను. నా కొడుకు సర్కారు జీతం తింటాడు గానీ సొంత మేనమామని తినడే అంది. తినేవాడు ముందు చెప్పి తింటాడా అత్తా అన్నాను. ఆవిడ మొహం తిప్పుకుని వల అల్లుకుంటూ కూర్చుంది.

జనవరి 23

ఊరివాళ్లంతా పోగై ఉండగా జోనా మా ఇంటికొచ్చాడు. ఎవరూ ఏమీ చూడలేదని చెప్పండి, సాక్షి లేకపోతే కేసు నిలవదు అన్నాడు. అందరూ సరేనన్నారు. దొర మనవాడా ఏంటి, వాడికి నిజం చెప్పడానికి అని నవ్వుకున్నారు. అత్త ఒక్కతే కానుక దుప్పటి భుజాన సర్దుకుని లేచి వెళ్లిపోయింది.

ఇతనికి మా మీద ఇంత ప్రేమేమిటి? మా నోళ్లు కట్టేసి, తనొక్కడే అంతా చెప్పేస్తాడేమో. టీ కూడా ఇవ్వలేదు.

ఫిబ్రవరి 2

బడి గదిలోనే కోర్టు పెట్టారు. తీర్పు చెప్పేది ఆ దొరే.

ఎవర్ని అడిగినా చూడలేదన్నారు. నేను జోనా నోటినే కనిపెట్టుకుని ఉన్నాను. మిషన్ బడి ఇంగ్లీషు నాకూ వచ్చు. ఒక్క మాట తేడా రానివ్వలేదు. అదీ అనుమానమే నాకు.

తర్వాత అత్తని పిలిచారు. దొర అడగడమే ఆలస్యం, నిటారుగా నిలబడి మొత్తం చెప్పేసింది. ఏ పాట ముందు, ఎవరు ఆడారు, తమ్ముడికి ఏ పేరు, తనకి ఏ దుప్పటి. కానుక పుచ్చుకుంది కదా మరి!

జోనా మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒంట్లో బాగోక ఇంట్లోనే పడుకున్నానంటోంది అని దొరకి చెప్పాడు.

మా నాన్న కోసం కన్నతల్లి సాక్ష్యం మింగేశాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

అత్త ఊరుకుంటేనా! ఒరేయ్, ఇంతసేపు నేను మొత్తుకుంటే నీ నోట రెండు ముక్కలేనా, మిగతాది ఏ నీళ్లలో కలిపావురా అని కేకలేసింది. నాకేసి తిరిగి, ఏమే, వాళ్ల భాష నీకూ వచ్చుగా, లేచి చెప్పు అంది. దొర కూడా నావైపే చూశాడు.

జోనా వద్దని కళ్లతోనే బతిమాలాడు. నాన్నకేసి చూశాను. చెప్పు తల్లీ, నా కొడుకుని పేరు లేనివాణ్ణి చెయ్యకు అన్నాడు.

లేచాను. అత్త చెప్పిందంతా ఇంగ్లీషులో చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను.

ఫిబ్రవరి 5

స్టీమరు వెళ్లిపోయింది. మాట మార్చి చెప్పినందుకు బావకీ జైలే. నాన్నా బావా ఒకే సంకెలకి. రేవులో పక్క ఊరి ముసలాయన, దొరలకి మన సంగతి చెప్పిందెవరమ్మా అని అడిగాడు. నేనే అన్నాను.